వలందా కాలువలు - బందరు చీటిగుడ్డ

2023వ సంవత్సరము అక్టోబరు మాసమున మేము ఆమ్‌స్టర్‌డాము పట్టణమున మూడు దినములు ఒంటరిగా గడిపి వచ్చితిమి. మేము అని వ్రాయుచున్నామేగాని పోయినది ఒక్క ప్రాణియే. పత్రికకు వ్రాయునప్పుడు మేమనుట మాకలవాటు. సోదరీమణులు మా వెంట పరివారము నూహించుకొనవలదు. ఒక తోలుసంచి, ఒక గొడుగు, డబ్బాలో పులిహోర, కందిపొడి పొట్లము, ఇదియే మా బలగము.

హాలెండునకు మేము పోయినది దేశము చూచుటకు కాదు. మా అమ్మాయి పురుటికని ఐండ్‌హోవెను పట్టణమునకు పోయి కొన్ని మాసములుంటిమి. కాయము నూఱుట, పసిదానికి నీళ్లుపోయుట, బాలెంతకు పథ్యము వండుట, ఇదియే అచటి మా దినచర్య. పురుళ్లకై సీమలకేగు తల్లులందఱికిని తెలిసిన సంగతియే గదా. ఏ దేశమున దిగినను మనకు కనబడునది వంటయింటి కిటికీ యొక్కటే. పసిదాని నిద్ర కొంత కుదుటబడిన పిమ్మట ఒకనాడు, "ఆమ్‌స్టర్‌డాము చూచి వచ్చెదను" అంటిమి.

"ఒక్కదానివే యెట్లు పోదువమ్మా? ఆయన సెలవు పెట్టువఱకు ఆగరాదా?" అని మా అమ్మాయి కంగారుపడెను.

"ఆగినచో మీ ఆయనకు సెలవు దొరకదు, నాకు వీసా మిగులదు" అంటిమి.

మా అల్లుడు నవ్వి, "అత్తయ్యగారు ముప్పదేండ్లు బందరులో బడిపిల్లల నదలించినారు. ట్రామునకు జంకుదురా?" అని, దారియంతయు పెద్ద అక్షరములతో కాగితముపై వ్రాసి యిచ్చెను.

మేము పట్టుపట్టుటకు కారణమొకటి యున్నది. మా యిల్లు బందరులో వలందపాలెమున నున్నది. డచ్చివారిని మన పెద్దలు వలందులనిరి. వారి పేరనే మా పేట. 1602లో ఆమ్‌స్టర్‌డాము వర్తకులు ముఖ్యులుగా ఏర్పడిన వారి తూర్పు ఇండియా కంపెనీ, మూడు నాలుగేండ్లు తిరుగకుండగనే బందరున కొట్టు తెఱచెను. వారి సమాధులు నేటికిని మా యూర నున్నవి. చిన్ననాటినుండి వలందపాలెమని కవరులమీద వ్రాయుచు వచ్చినవారము, ఆ వలందుల యూరికి గంటన్నర దూరమున నుండి చూడకుండ వచ్చుట మాకిష్టము లేకపోయెను.

ఇంకొక సంగతియు చెప్పవలెను. మావారు గతించి అప్పటికి నాలుగేండ్లు. హైదరాబాదులోనున్న మా అబ్బాయి, బందరు యిల్లు అమ్మివేసి తనయొద్దకు వచ్చి యుండుమని పోరుచుండెను. కొనువారును కుదిరిరి, బయానా పుచ్చుకొంటిమి. మేము తిరిగి పోగానే సంతకము చేయవలెను. వాని మాటయందు తప్పులేదు. "అఱువది దాటినదానవు, రాత్రివేళ ఏదైన అయినచో తలుపు తీయువారెవ్వరమ్మా?" అని యడుగును. మా యొద్ద దానికి బదులు లేకుండెను. ఒంటరిగా నుండగలమో లేదో మాకే తెలియదు. పెండ్లికి ముందు తల్లిదండ్రులతో, పిమ్మట మావారితో, పిల్లలతో. ఒక్కరమే ఒక రాత్రి పరాయియూర పండుకొన్న జ్ఞాపకము మాకు లేదు.

ఆదివారము ఉదయము రైలు దిగితిమి. 1889లో తెఱచిన ఆ స్టేషను ఎఱ్ఱ ఇటుకల కోటవలె నుండును. బయట అడుగిడగానే నీళ్లు, నీళ్లపై వంతెన, వంతెనపై సైకిళ్లు. ఆమ్‌స్టెల్ అను ఏటికి పూర్వము కట్టవేసి దానిచుట్టు ఊరు కట్టుకొనిరి. వారి భాషలో కట్టకు డామ్ అని పేరు, అందువలన ఆమ్‌స్టర్‌డాము. ఊరు పెరుగగా 1613 మొదలు క్రొత్త కాలువలు త్రవ్విరి. పెద్ద కాలువలు ఒకదాని వెలుపల నొకటి అర్ధచంద్రాకారముగ, నీటిలో రాయి వేసినపుడు లేచు అలలవలె నుండును. లోపలిది సింగెల్, దాని తరువాతివి హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్, అనగా దొరల కాలువ, చక్రవర్తి కాలువ, రాకుమారుని కాలువ. 2010లో యునెస్కోవారు ఈ కాలువల చుట్టును ప్రపంచ వారసత్వ స్థలముగా నెంచిరి.

కాలువలు మాకు క్రొత్త కాదు. బందరు కాలువ గట్టున పెరిగినవారమే. అయినను మన కాలువ తిన్నగా సాగును. బెజవాడ ఎటో, బందరు ఎటో చూచువారికి తెలియును. ఈ కాలువలో వంపు తిరిగినవి. కొంతదూరము నడచినచో ఎదురుగా నుండవలసిన గోపురము వెనుకకు వచ్చును. అన్ని వంతెనలు ఒకటే పోలిక, అన్ని యిండ్లు ఒకటే పోలిక. మొదటి గంటలో మేము మూడు పర్యాయములు దారి తప్పితిమి. మూడవసారి ఎఱ్ఱరంగు వేసిన బాట శుభ్రముగ నున్నదని దానిపై నిలిచి కాగితము చూచుచుండగా, గణగణ గంట మ్రోగించుచు ఒక తల్లి ముందు పెట్టెలో ఇద్దఱు పిల్లల నెక్కించుకొని సైకిలుపై మామీదికి వచ్చెను. ఆ యెఱ్ఱబాట సైకిళ్లదట. పోవు సోదరీమణులు ముందుగా నేర్చుకొనవలసిన పాఠమిదియే. కార్లకంటె సైకిళ్లకు భయపడవలెను. కాలువలనుండి ఏటేట వేలకొలది సైకిళ్లను దోనెలతో పైకి దీయుదురట. విని మాకు కొంత తృప్తి కలిగెనని ఒప్పుకొనుచున్నాము.

ఇండ్లు సన్నగా, ఎత్తుగా, ఒకదాని భుజముపై నొకటి ఒరిగి నిలుచును. నేల బురద గనుక, క్రింద కొయ్యస్తంభములు దిగవేసి వానిపై కట్టిరి. డామ్ చదునున నున్న రాజభవనము మొదట పురపాలక మందిరము. దాని క్రింద 13,659 కొయ్యలున్నవని లెక్క చెప్పుదురు. ప్రతి యింటి నెత్తిన ఒక దూలము ముందుకు పొడుచుకొని, దానికి కొక్కెము వ్రేలాడుచుండును. ఉరికొయ్యయేమో యని మొదట ఉలికిపడితిమి. మెట్లు మిక్కిలి యిఱుకు గనుక మంచములు, బీరువాలు త్రాటితో ఆ కొక్కెమునకు కట్టి పైకిలాగి కిటికీలోనుండి లోపలికి చేర్తురు. మేము దిగిన హోటలున ఆ మెట్ల సంగతి బోధపడెను. అవి మెట్లు కావు, నిచ్చెన. పైకెక్కునపుడు ముక్కు ముందరి మెట్టునకు తగులుచుండెను. మా మోకాళ్లకంటె ఆ బీరువాలే అదృష్టవంతములు.

ఆనాటి మధ్యాహ్నము బెగైన్‌హోఫ్ చూచితిమి. దుకాణముల వీధిలో ఒక చిన్న తలుపు. అది దాటి లోనికి పోగా ఒక్కసారిగ చప్పుడు మాయమై, పచ్చిక, చెట్లు, చుట్టును ఇరుకైన యిండ్లు. ఊరంతయు ఎత్తు పెంచిరి గాని ఈ లోగిలి మాత్రము పాతనేలమీదనే, వీధికంటె పల్లముగ నున్నది. పదునాలుగవ శతాబ్దమునాటికే ఇచట బెగైనులను స్త్రీలు కాపురముండిరి. వారు కిరస్తానీ భక్తురాండ్రేగాని సన్న్యాసినులు కారు. పెండ్లిలేక, మగదిక్కు లేక, తమ యింట తాముండి, ప్రార్థన చేసికొనుచు, రోగులకు ఉపచారము చేయుచు బ్రదికెడివారు. కావలెనన్న విడిచిపోయి పెండ్లి చేసికొనుటకు అభ్యంతరము లేదు.

మాకు మిక్కిలి వింతయైనది దాని తరువాతి కథ. 1578లో పట్టణము ప్రొటెస్టెంటుల చేతికి వచ్చినపుడు కతోలికుల మఠములు, గుడులు లాగుకొనిరి. బెగైనుల గుడియు పోయెను. 1607లో దానిని ఆంగ్లేయ ప్రొటెస్టెంటులకిచ్చిరి. కాని లోగిలి మాత్రము పోలేదు. ఏల? ఇండ్లు మఠమువి కావు, ఆ స్త్రీల సొంత ఆస్తి. తమ పేరనున్న యింటినుండి వారిని వెడలగొట్టుటకు వీలు లేకపోయెను. గుడిపోయిన పిమ్మట పోయిన గుడికి ఎదురుగనే రెండిండ్లు కలిపి, వెలుపలికి గుడివలె కనబడకుండ లోపల 1671లో ప్రార్థనామందిరము అమర్చుకొనిరి. కడపటి బెగైను 1971లో చనిపోయెను. నేటికిని ఆ యిండ్లలో స్త్రీలే యుందురు. మెల్లగ మాటలాడుమని అచటచట పలకలు పెట్టిరి. పదునాఱవ శతాబ్దపు కొయ్యయిల్లు ఒకటి నల్లరంగుతో నిలిచియున్నది. దానియెదుట చాలసేపు నిలిచి పులిహోర తినుటకు తగిన చోటేమోయని వెదకితిమి. తినుట మర్యాద కాదనిపించి మానితిమి.

ఒక కిటికీలో ముసలామె పూలకుండీకి నీళ్లు పోయుచుండెను. మమ్ము చూచి తల యూచెను. మేమును ఊచితిమి. అంతకుమించి యేమియు జరుగలేదు. అయినను ఆ రాత్రి హోటలు గదిలో పండుకొన్నపుడు, దస్తావేజులో ఇల్లు ఎవరి పేరనున్నదో జ్ఞాపకము వచ్చినది. మావారు కట్టించునపుడు సగము సొమ్ము మా జీతముదే. పత్రము మా పేరనే వ్రాయించిరి. ఇన్నేండ్లు ఆ సంగతి పన్ను రసీదుపై చూచుటయే కాని తలచినది లేదు.

ఆ రాత్రి భయపడితిమా యని మా అమ్మాయి యిప్పటికిని అడుగును. భయపడితిమి. మూడుసార్లు గడియ చూచితిమి. ఆమె నాలుగుసార్లు ఫోను చేసెను, అది వేఱు. నిద్ర రాక కిటికీయొద్ద కూర్చుంటిమి. ఆ యూరివారు రాత్రియైనను తెరలు దించరు. కాలువకావల యింటిలో ఒకాయన గిన్నెలు కడుగుట, ఒక పిల్ల లెక్కలు చేయుట స్పష్టముగ కనబడుచుండెను. వారి దీపములు నీటిలో ఊగుచుండగా చూచుచు ఎప్పుడో నిద్రపోతిమి.

సోమవారము ఉదయము సంత. ఇది మా ప్రయాణములో ముఖ్యమైన ఘట్టము గనుక తీరికగా చెప్పెదము. యోర్డాన్ అను పేట పూర్వము పనిపాటలవారిది. అచట 1623లో కట్టిన ఉత్తరపు గుడిచుట్టును సోమవారము పూట పాతబట్టల, పాతసామానుల సంత జరుగును. దాని ప్రక్కవీధిలో పొడుగునను తానుల గుడ్డలు అమ్ముదురు. గుడ్డను చేతితో నలిపిచూచి బేరమాడు స్త్రీలను చూడగా మాకు పుట్టిన యూరికి వచ్చినట్లుండెను. బొత్తాములు డబ్బాలతో, లేసులు మూరలతో, ఉన్ని ఉండలు గంపలతో నుండెను. కుట్టుపని తెలిసిన సోదరీమణులు అచటికి పోవునెడల తోడుగా ఎవరినైన తీసికొనిపోవుట మంచిది, లేనిచో రైలు తప్పును.

మా యొద్ద నోట్లుగా నూటనలువది యూరోలుండెను. మా పింఛను సొమ్ము మార్చి తెచ్చుకొన్నది. దానితో కొనవలసినవారి పట్టిక పెద్దది: ఆడబిడ్డలిద్దఱు, తోడికోడలు, ఎదురింటి పిన్నిగారు, మా యిల్లు తుడుచు అమ్మాయి.

గుడి గోడప్రక్కన ఒక నెఱసిన తలయావిడ పాతగుడ్డలు పఱచుకొని కూర్చుండెను. టోపీలు, చేతిరుమాళ్లు, చినిగిన దుప్పట్లు. ఆ కుప్పలో గాజుపలకక్రింద జానెడు పొడవు, నాలుగు వ్రేళ్ల వెడల్పు గల ముక్కయొకటి యుండెను. తెల్లనినేల, ఎఱ్ఱని పువ్వు, దానిచుట్టు నీలపుటాకులు. మేము వంగి చూచి అట్లే యుండిపోతిమి.

మా అమ్మగారి పుట్టిల్లు పెడన. మా తాతగారు అద్దకపు పనివారు. సెలవులకు పోయినపుడు అద్దకపు పాకలో తిరుగుట మా పని. పేడనీళ్లలో నానవేసి, ఎండగట్టి, గుడ్డను తెల్లచేయుదురు. కరక్కాయపొడి కలిపిన పాలలో ముంచి ఆఱవేయుదురు. అప్పుడు గాని రంగు చెదరదు. ఇనుపముక్కలు, బెల్లము నీళ్లలో మాగవేసి నలుపు తీయుదురు. దానిని కసిము అనెడివారు. పటిక తీర్చి వేళ్ల కషాయములో కాచినచో తీర్చినంతమేర ఎఱుపు తేలును. పూర్వము మన తీరపు ఇసుక నేలలలో పెరుగు చిరివేరు ఈ యెఱుపునకు ప్రసిద్ధి. వలందులు దానికొఱకే మన అద్దకమును అంతగా కోరిరట. ఆ వాసనయంతయు ఒక్కసారి మా ముక్కునకు తగిలెను. ముక్కకు మాత్రము ఏ వాసనయు లేదు.

"ఇది సిట్స్" అని ఆమె ఇంగ్లీషులో చెప్పెను. "కోరమండలు. రెండువందల యేండ్లు దాటినది. పసిబిడ్డ టోపీనుండి తీసినది."

సిట్స్ అనగా మన చీటిగుడ్డయే. మాట కూడ మనయొద్దనుండి ఓడ యెక్కినదే. కంపెనీవారు మొదట ఈ గుడ్డలను తూర్పుదీవులకు కొనిపోయి లవంగములకు, జాజికాయలకు మారకము చేసిరి. పిమ్మట ఐరోపా స్త్రీలు దీనిని చూచి మోజుపడిరి. ఉతికినను పోని ఇట్టి రంగుల నూలుగుడ్డ వారికి క్రొత్త. ఱవికలు, లంగాలు, మంచపుతెరలు, పసివారి టోపీలు, అన్నియు దీనితోనే కుట్టించుకొనిరి.

గాజుపలక తీయుమని యడిగి ముక్కను వెనుకకు త్రిప్పితిమి. పూర్వము మా తాతగారు ఏ గుడ్డనైనను ముందు వెనుకనుండియే చూచెడివారు. ఎఱుపు వెనుకకు దిగియున్నది. ఆకులు నీలముగ నున్నవి. నీలిపై పసుపువన్నె పూసి ఆకుపచ్చ తెత్తురు, కాలము గడచినచో పసుపువన్నె ముందు వెలసిపోయి నీలము మిగులును. నల్లగీత ఉన్నచోట నూలు లేదు. సన్నని కంతలుగ తినివేయబడియున్నది. కసిములోని యినుము చేయుపని యది. యంత్రపుగుడ్డకు ఈ లక్షణములుండవు. ఈ సంగతులు వచ్చిన ఇంగ్లీషులో చెప్పితిమి. ఆమె కండ్లజోడు సవరించుకొని మమ్ము చూచి, "మీరెవరు?" అనెను. "బందరుదానను" అంటిమి. ఆ మాట ఆమెకు తెలియదు. మసూలిపట్నము అనగానే తెలిసెను.

వెల తొంబది యూరోలు. తెలిసినది గదాయని తగ్గింపలేదు. మేమును గుడ్డ మాది గదాయని మాటవిడువలేదు. అఱువదికి అడిగితిమి, డెబ్బదికి కుదిరెను. మన లెక్కకు ఆఱువేల రూపాయలకు పైమాట. మా జీవితములో, ఎవ్వరిని అడుగక, దేనికని చెప్పనక్కఱలేక, చేతినుండి అంత సొమ్ము విడిచినది అదియే మొదటిసారి. చేయి వణకెను. జానెడు చినిగిన గుడ్డకు! పట్టుచీరకైన అంత ఆలోచింపక యిచ్చి యుండము. ఆమె పలుచని కాగితములో చుట్టి, రెండు అట్టల నడుమ పెట్టి, త్రాడుకట్టి యిచ్చెను. మా సంచిలో అడుగున పెట్టక పులిహోర డబ్బా తీసివేసి పైన పెట్టుకొంటిమి.

తక్కిన సరకుల కొనుగోలు త్వరగా చెప్పివేసెదము. సింగెల్ కాలువమీద 1862నుండియున్న పూలసంతలో తులిపా దుంపలు రాసులుగ నుండెను. కాని ఆ దుంపకు చలికాలపు నిద్ర కావలెను, బందరు ఎండకు మొలవదు, పైగా మొక్కల ఆరోగ్యపత్రము లేనిదే మనదేశమున దింపనీయరు. కొనలేదు. జున్నుగడ్డలు బండిచక్రములంతేసి యున్నవి. శాకాహారులు అడిగి కొనవలెను, చాలరకములలో పాలు విఱుచుటకు దూడకడుపులోని పదార్థము వేయుదురు. నీలపురంగు పింగాణీలో చేతితో వ్రాసినది వేఱు, అచ్చుపోసినది వేఱు. వెలలో పదింతలు తేడా. అచ్చుపోసిన చిన్న పలకలు రెండు ఆడబిడ్డలకు కొంటిమి. ఒక దుకాణమున మేము నోటు చాపగా కుదరదనిరి. కార్డు తప్ప నగదు పుచ్చుకొనరట. ప్రభుత్వము ముద్రించిన నోటును అంగడివాడు కాదనుట మాకిప్పటికిని మింగుడుపడలేదు. మిగిలినవారందఱికి పాకము పెట్టిన పలుచని అప్పములు, స్ట్రోప్‌వాఫెల్ అందురు, డబ్బాలతో కొంటిమి. తోడికోడలు డబ్బా తెఱచి, "అంతదూరము పోయి బిస్కత్తులా అక్కయ్యా?" అనినది. చీటిగుడ్డ సంగతి ఆమెకు ఈ పత్రికలోనే తెలియవలెను.

మధ్యాహ్నము ఆల్బర్ట్ కైప్ సంతయొద్ద సూరినాము దేశస్థుల పూటకూటియింట భోజనము దొరకెను. 1873 మొదలు మన ఉత్తరదేశపువారిని కూలికై ఓడలలో సూరినామునకు కొనిపోయిరి. ఆ దేశము 1975లో స్వతంత్రమైనపుడు వారి సంతతివారనేకులు హాలెండునకు వచ్చిరి. రొట్టె, బంగాళాదుంప, బొబ్బర్లకాయ కూర. వడ్డించిన స్త్రీ మాటలాడిన హిందీ మాకు సగము తెలిసెను, మా హిందీ ఆమెకు సగము తెలిసెను, "ఒంటరిగా వచ్చితివా?" అన్నది మాత్రము ఇద్దఱికిని పూర్తిగా తెలిసెను. రెండవసారి కూర అడుగకుండగనే వేసినది.

రైక్స్ మ్యూజియములో రెంబ్రాంటు 1642లో వ్రాసిన రాత్రిపహరా చిత్రమును గాజుగదిలో పెట్టి పరీక్షించుచుండిరి. దానిముందు తిరునాళ్ల జనము. మేము నిలిచినది వెర్మీరు వ్రాసిన పాలుపోయు పనికత్తెయొద్ద. రెండు జానలైన లేని చిన్నపటము. ఆమె పాలు వంచుచున్నది, అంతియే. ధార సన్నగా రావలెనని గిన్నె పట్టుకొన్న తీరు చూచిన, ఆ చిత్రకారుడు వంటయింటిలో చాలసేపు అడ్డముగ నిలిచియుండునని తోచెను.

మంగళవారము ఉదయము ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263వ నంబరు యిల్లు. మా అమ్మాయి ఆఱువారములముందు టిక్కెట్టు తీసినది. టిక్కెట్టు దొరకిన దినమునుబట్టియే మా ప్రయాణము నిశ్చయమైనది. యూదుల పిల్ల ఆన్ ఫ్రాంకు తలిదండ్రులతో, అక్కతో, మఱి నలుగురితో పుస్తకముల బీరువావెనుక గదులలో 1942 జూలైనుండి 1944 ఆగస్టు 4వ తేది వఱకు దాగియుండెను. పట్టువడిన యెనమండుగురిలో తిరిగివచ్చినది తండ్రి యొక్కడే. ఆ పిల్ల వ్రాసిన దినచర్యను ఆయన 1947లో ప్రకటించెను. గదులలో సామానులు లేవు. ఖాళీగానే యుంచవలెనని ఆయన కోరెనట. పిల్లలు ఎదుగుచుండగా తండ్రి గోడమీద గీచిన కొలతగీతలు మిగిలినవి. మా యింటి వంటగది తలుపుమీద మా పిల్లల గీతలున్నవి. అచట మేమెక్కువసేపు నిలువలేకపోతిమి.

తరువాత కంపెనీవారి పాత కచ్చేరి వెదకిపోతిమి. ఇప్పుడది విశ్వవిద్యాలయమువారిది; ఎఱ్ఱ ఇటుకల ముంగిలిలో పిల్లలు సైకిళ్లు నిలుపుకొని కబుర్లాడుచుండిరి. ఎన్ని గుడ్డమూటలకు ఇచట లెక్క వ్రాసిరో! గుడ్డలేగాదు. మన తీరమున కఱవు వచ్చినప్పుడెల్ల కంపెనీవారు మనుష్యులను కొని ఓడలకెక్కించి బటేవియాకు పంపిరి. బానిస వ్యాపారమునకై 2021లో ఈ పట్టణపు మేయరును, మేము పోవుటకు మూడు మాసములముందు, 2023 జూలై 1వ తేదిన వారి రాజును, ఇచటనే క్షమాపణ చెప్పుకొనిరి. సంచిలోని గుడ్డ సంతోషముగనే యున్నది గాని, ఆ ముంగిలిలో దానిని బయటికి తీయ బుద్ధిపుట్టలేదు.

సాయంకాలపు రైలులో కూర్చుండి మా అబ్బాయికి ఫోను చేసితిమి.

"ఇల్లు అమ్మవద్దు నాయనా."

కొంతసేపు మాటలేదు. పిమ్మట, "రాత్రివేళ తలుపు తీయువారెవ్వరమ్మా?" అనెను. ఎప్పటి ప్రశ్నయే.

"తాళముచెవి ఒకటి ఎదురింటి పిన్నిగారి యొద్ద నుంచెదను. స్నానపుగదిలో పట్టుకొనుటకు కడ్డీ వేయింపుము, వాకిటిమెట్టు ఎత్తు తగ్గింపుము. రెండేండ్లు చూతము. చేతకానినాడు నేనే చెప్పెదను."

"బయానా?"

"తిరిగి యిచ్చెదము."

అంత సులభముగ జరుగలేదు. కొనువారు కోపగించిరి, బయానాతోపాటు కొంత నష్టపరిహారము కూడ ఇచ్చుకొనవలసి వచ్చినది. దానిని మా పింఛనునుండి నెలనెల తీర్చితిమి. మా అబ్బాయి రెండు మాసములు ముభావముగ నుండి, సంక్రాంతికి వచ్చినపుడు తానే మేస్త్రీని పిలిచి మెట్టు కొట్టించెను.

చీటిగుడ్డను పండుగవెళ్లిన తరువాత పెడన తీసికొనిపోయితిమి. మా తాతగారి పాక ఇప్పుడు లేదు. వారియొద్ద పని నేర్చిన వృద్ధుడొకరు ఇంకను అచ్చులు వేయుచున్నారు. అట్టలు విప్పి చూపగా ఆయన ముందు చేతులు కడుగుకొనివచ్చి, గుడ్డను వెనుకకు త్రిప్పి, వెలుతురున పట్టి చాలసేపు చూచెను.

"ఇది అచ్చు కాదమ్మా, కలముతో గీచినది. మనవారిదో, దక్షిణాదివారిదో చెప్పలేను. ఇంత సన్నని గీత నాచేత కాదు" అనెను. మరల మడవకుండ, వచ్చిన మడతలోనే అట్టలనడుమ పెట్టి త్రాడు కట్టుచు, "ఎంతకు కొంటివి?" అని యడిగెను.

చెప్పితిమి.

"బేరమాడకపోయితివా?" అనెను.